తన్నినప్పుడల్లా పత్తి చెక్క

ఆ రోజుల్లో నాకు ప్రతిదానికీ ఒక కారణం కనిపించి తీరాల్సిందే. ఆ రోజులంటే మరీ పాతకాలమేమీ కాదు, ఊళ్ళో అందరి చేతుల్లోకీ టచ్ ఫోన్లు వచ్చేసిన కాలమే. నరసరావుపేటలో హాస్టల్లో ఉండి బి.ఎడ్. చదువుతున్నాను. అందులో మాకు సైకాలజీ అని ఒక సబ్జెక్టు తగిలింది. తగలడమంటే నాకు జ్వరం తగిలినట్టే తగిలింది. బస్సులో పక్క సీటావిడ ముక్కు చీదినా, దాని వెనక ఏదో లోతైన కారణం ఉండే ఉంటుందని కిటికీలోంచి బయటికి చూస్తూ ఆలోచించేదాన్ని (జలుబు అన్న కారణం మాత్రం ఎందుకో అన్నిటికన్నా చివర తోచేది). నేర్చుకున్న నాలుగు ముక్కలూ ఎవరి మీదనైనా ప్రయోగించి చూడాలని మహా ఆత్రంగా ఉండేది. పాఠం చెప్పడానికి పిల్లలు ఇంకా నా చేతికి రాలేదు. ఇంతలో వేసవి సెలవులు వచ్చాయి. ఆ సెలవుల్లో నా చేతికి దొరికింది ఒక బర్రె.

మా నాన్నకు చిలకలూరిపేటలో నూలు మిల్లులో ఉద్యోగం. అందువల్ల మా కాపురం అక్కడే అయినా, సెలవులిస్తే చాలు, నేను గురజాల దగ్గరున్న మా ఊరికి, నాయనమ్మ దగ్గరికి పరిగెత్తేదాన్ని. ఎండాకాలంలో మా వైపు ఎవరూ కోరి రారు. రెంటచింతల ఎండల గురించి పేపర్లో చదివి మీరంతా అయ్యో పాపం అనుకుంటారు గానీ, ఆ ఎండ రెంటచింతల పొలిమేర దగ్గర ఆగిపోదు కదా, మా ఊరి మీదుగానే పోతుంది. ఆ ఇంట్లో నాయనమ్మతో పాటు మా బాబాయీ పిన్నీ ఉండేవాళ్ళు. బాబాయి చేసేది వ్యవసాయమే గానీ మనసంతా ఊరి రాజకీయాల్లో ఉండేది. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని సెంటర్లో టీ కొట్టు దగ్గరికి వెళితే, రాష్ట్రం సంగతీ దేశం సంగతీ తేల్చి గానీ భోజనానికి వచ్చేవాడు కాదు. ఇంట్లో సంగతులు తేల్చే పని పిన్నిది.

ఇక బర్రె. దాని పేరు దొరసాని. (పుస్తకాల్లో గేదె అని రాస్తారు. మేం బర్రె అనే అంటాం, అందులో చిన్నచూపేమీ లేదు.) పుట్టిన కొద్ది రోజులకే దాని తల్లి పాము కరిచి చచ్చిపోతే, నాయనమ్మ తన వేలు పాలలో ముంచి దాని నోట్లో పెట్టి, చప్పరించడం నేర్పి, పసిబిడ్డను సాకినట్టు సాకింది. అందుకని అది తనను తాను బర్రె అనుకునేది కాదు. నాయనమ్మ పొద్దున్నే "ఏమే" అని పిలిస్తే వంటింట్లో పిన్నీ, గొడ్ల చావిట్లో దొరసానీ ఒక్కసారే తల తిప్పేవాళ్ళు. పాలు బ్రహ్మాండంగా ఇచ్చేది. పెరుగు గడ్డను చెంచాతో కోసుకోవాల్సి వచ్చేది. ఒక్కటే లోపం, తన్నేది.

తన్నడమంటే ఈగ వాలితే కాలు విదిలించడం లాంటిది కాదు. దూడను వదిలి, అది నాలుగు గుక్కలు తాగి పాలు దిగాక, దాన్ని లాగి కట్టేసి, పొదుగు కడిగి పితకడం మొదలుపెడితే కాసేపు బుద్ధిగా నిలబడేది. బకెట్టు సగం నిండి, పితికే మనిషికి ఇవాళ ఫర్వాలేదనే ధైర్యం వచ్చిన సమయం చూసి, కుడికాలు ఒక్క విసురు విసిరేది. బకెట్టు పోయి గోడకు తగిలేది. మా ఇంట్లో సొట్టలేని బకెట్టు ఒక్కటి కూడా లేదు. ఊళ్ళో ఎవరింట్లోనైనా పెళ్ళికి అరువిస్తే, పేరు రాయకపోయినా చూసి గుర్తుపట్టి మా ఇంటికే తెచ్చి ఇచ్చేవాళ్ళు.

దాన్ని పితకగలిగింది నాయనమ్మ ఒక్కతే. కానీ ఆ ఏడు ఆవిడ మోకాళ్ళు మొరాయించాయి. గొంతుక్కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. పిన్ని పితకబోయి తొడ మీద తన్ను తిని కొన్నాళ్ళు కుంటింది. ఒకరోజు బాబాయి ఊళ్ళో పెద్దమనుషులను కాఫీకి పిలిచి, పాలు లేవంటే "ఇదెంత పని" అని ఇస్త్రీ చొక్కాతోనే చావిట్లోకి వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన ముందువైపు పాలూ వెనకవైపు పేడా ఉన్నాయి. పెద్దమనుషులు నవ్వలేదు. నవ్వకుండా ఉండడానికి వాళ్ళు పడ్డ అవస్థే బాబాయికి ఎక్కువ కోపం తెప్పించింది.

"ఈ బర్రెతో మన వల్ల కాదు. వచ్చే సంతకి తోలేస్తన్నా" అని ఆ పూటే తేల్చేశాడు.

"నన్ను గూడా తోలెయ్యరా. ఇద్దరం ఒక తాడుకే పోతాం" అంది నాయనమ్మ. ఆ పూట అన్నం ముట్టలేదు.

తన్నే బర్రెను పాల కోసం ఎవరూ కొనరు. మరి సంతలో ఇంకెందుకు కొంటారో నోటితో ఎవరమూ అనలేదు గానీ, అందరికీ తెలుసు. చావిట్లో దొరసాని మెడ మీద చెయ్యేసుకుని నిలబడ్డ నాయనమ్మను చూస్తే నాకు దుఃఖం వచ్చింది. దుఃఖంతో పాటు (దాచడమెందుకు) కాస్త హుషారు కూడా వచ్చింది. అది ఎందుకు తంతోందో కనిపెట్టాలి. పాపం, నా పుస్తకాలు మరి దేనికున్నాయి?

ముందు అందరినీ అడిగాను. పిన్ని దిష్టి అంది, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది, మేమంతా దగ్గాం, దొరసాని తన్నింది. మా పక్కింట్లో ట్రాక్టర్లు బాగుచేసే మస్తాను మామ ఉండేవాడు. ఆయనకు లోకంలో ఉన్నవన్నీ ఇంజిన్లే. చేతులు గుడ్డతో తుడుచుకుంటూ వచ్చి, దొరసాని చుట్టూ ఒకసారి తిరిగి, "బండి మంచిదేనమ్మా. నడుస్తా నడుస్తా ఆగిపోతందంటే ఆయిలు అందట్లేదన్నమాట. దాణా పెంచు" అన్నాడు. పశువుల డాక్టరు వచ్చి పొదుగు నొక్కి చూసి, పుండూ వాపూ ఏమీ లేవన్నాడు. ఆ చెప్పడం కొంచెం దూరంగా జరిగి చెప్పాల్సింది, ఆయనా ఒక తన్ను తిన్నాడు. బాబాయి దాన్ని పొగరన్నాడు. నాయనమ్మ మాత్రం, "అలకే. అలిగింది నా తల్లి. ఎవురో ఏందో అనుంటారు" అంది.

అలక మాట నాకు నచ్చింది, ఎందుకంటే అది మనసుకు సంబంధించిన మాట. మర్నాటి నుంచి పాలు పితికే వేళకు చావిట్లో ఒక గంప బోర్లించుకుని దాని మీద కూర్చుని చూడడం మొదలుపెట్టాను. ఆ పూటలు పితుకుతున్నది నాయనమ్మే, మోకాళ్ళ కింద గోనెపట్టా మడిచి పెట్టుకుని, అబ్బా అమ్మా అంటూ. మొదట అంతా నేను దొరసాని కాళ్ళకేసే చూశాను. అందరూ అటే చూస్తారు కదా. తర్వాత ఒక పొద్దున నాకెందుకో నాయనమ్మ చేతులకేసి చూడాలనిపించింది. అప్పుడు కనబడింది.

దొరసాని తన్నగానే నాయనమ్మ లేచేది. మూలనున్న సత్తు గిన్నెలో నానబెట్టిన పత్తి చెక్క ఉండేది. (మా వైపు పత్తి పండుతుంది కనక గింజల నుంచి నూనె తీసిన ఆ చెక్కే పాడి పశువులకు పంచభక్ష్య పరమాన్నం.) దాంట్లోంచి గుప్పెడు తీసి, దొరసాని మూతి దగ్గర పెట్టి, మెడ కింద దువ్వుతూ, "అలిగావా నా బంగారూ? ఎవరే నిన్ను అన్నది? తిను తల్లీ, తిని నాలుగు చుక్కలియ్యి" అని బుజ్జగించేది. దొరసాని తిని, మూతి నాక్కుని, హాయిగా నిలబడేది. గుప్పెడు అయిపోగానే కుడికాలు లేచేది. నాయనమ్మ కూడా లేచేది. బుద్ధిగా నిలబడ్డంతసేపూ మాత్రం ఎవరూ దాని ముఖం చూసేవాళ్ళు కాదు.

ఏ పని చేస్తే మేలు జరుగుతుందో ఆ పనినే ప్రాణి మళ్ళీ మళ్ళీ చేస్తుందని మాకు పాఠం. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న ఆ ముక్క, నిజంగా చావిట్లో తోక ఆడిస్తూ నిలబడి ఉంటే నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. గంప మీంచి లేచి అరిచినంత పని చేశాను.

"నాయనమ్మా! అది తన్నినప్పుడల్లా నువ్వు చెక్క పెడుతున్నావు!"

"పెట్టకపోతే తన్నుద్ది గదంటే."

"తన్నాకే గదా పెడుతున్నావు?"

"తన్నితేనే గదా దానికి కావాలని తెలిసేది!"

"మరి ఊరికే నిలబడ్డప్పుడు ఏం పెడుతున్నావు?"

"ఊరికే నిలబడితే దానికేం కావాలే, బానే ఉందిగా!" అని నాయనమ్మ నన్ను జాలిగా చూసింది, హాస్టలు తిండి తిని పిల్ల ఇట్టా అయిపోయిందన్నట్టు.

ఒకసారి కళ్ళు తెరుచుకున్నాక ఇక ఎక్కడ చూసినా అదే కనబడడం మొదలైంది. మా బాబాయి పెట్టింది తిని లేచిన రోజున ఆయన కంచంలో పప్పూ గోంగూర పచ్చడీ మాత్రమే ఉండేవి. కంచం తోసి "ఏంది ఈ కూడు" అని ఎగిరిన రోజున పిన్ని హడావిడిగా ఆమ్లెట్ వేసేది. ఆయన పాపం వారానికి సగం రోజులు ఆమ్లెట్ తింటున్నాడు. ఇది పిన్నికి చెవిలో చెబితే ఆవిడ గరిటె దించి ఇటు తిరిగింది. "అయితే నేనే నేర్పుకున్నానంటావా?" అంది. ఆ మర్నాడు బాబాయి నోరెత్తకుండా తింటున్నప్పుడు, అడగకుండానే వచ్చి ఆమ్లెట్ వేసి వెళ్ళింది. బాబాయి ఆమ్లెట్‌కేసి, పిన్నికేసి, మళ్ళీ ఆమ్లెట్‌కేసి చూశాడు. ఏదో కొంపలంటుకున్నాయనుకున్నాడట. తర్వాత్తర్వాత ఆయన గొంతు చాలా తగ్గింది, ఆ సంగతి ఆయనకు మాత్రం ఇప్పటికీ తెలియదు.

ఆ ఆమ్లెట్ తిన్న మంచి గడియలోనే నేను సంత సంగతి ఎత్తాను. "బాబాయ్, అది తన్నకుండా పిన్ని చేతికి పాలిస్తే ఉంచుతావా?" అన్నాను.

"తన్నకుండా నిలబడితే ఇంకేం, ఉంచుదాం. నువ్వు మాన్పిస్తావా టీచరమ్మా?" అని పెద్దగా నవ్వాడు. నవ్వినా మాట ఇచ్చినట్టే కదా అని నేను సంబరపడ్డాను.

పద్ధతి చాలా తేలిక. పిన్ని పితుకుతుంది. నాయనమ్మ దొరసాని తల దగ్గర చెక్క గిన్నెతో నిలబడుతుంది. అది కదలకుండా ఉన్నంతసేపూ నేను "ఇప్పుడు" అన్నప్పుడల్లా చిటికెడు పెడుతుంది. తన్నిందా, గిన్నె వెనక్కి పోతుంది, ముగ్గురం ముఖాలు తిప్పేసుకుని గోడకేసి చూస్తాం. పుస్తకంలో ఇంతవరకే స్పష్టంగా ఉంది. అలవాటుగా వచ్చేది రాకపోతే, పోయేముందు ఆ చెడ్డ అలవాటు ఇంకా పెట్రేగుతుందని కూడా ఉంది గానీ, అది చిన్న అక్షరాల్లో ఉండడం వల్ల నేను సరిగ్గా చూసుకోలేదు.

మొదటి రోజు దొరసాని తన్ని, తల తిప్పి చెక్క కోసం చూసింది. మేం గోడకేసి చూస్తున్నాం. మళ్ళీ తన్నింది. బహుశా మాకు వినబడలేదనుకుందేమో, ఈసారి గుంజ ఊగేలా తన్నింది. పిన్ని పరిగెత్తి గుమ్మంలో నిలబడింది. నాయనమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని గోడకేసి తిరిగి ఏడుస్తోంది. "పసిదాన్ని పస్తు పెట్టినట్టుందే! నీ చదువు పాడుగాను, చానా ఘోరమే ఇది!" అంది. మస్తాను మామ గోడ మీంచి తొంగిచూసి, "ఏందమ్మా, ఇంజిన్ విప్పారా ఏంది?" అన్నాడు. కొన్ని పూటలు ఇలాగే గడిచాయి. ఇంట్లో పాలు లేవు, పక్కింటి పాలతో టీ తాగుతూ బాబాయి, "ఇంతకు ముందు ఒక బకెట్టన్నా మిగిలేది" అన్నాడు. నాకు రాత్రిళ్ళు నిద్రలో కూడా సొట్ట బకెట్లే కనబడేవి.

పైగా ఒకటి అర్థం కాలేదు. తన్నుళ్ళు తగ్గాలి, తగ్గడం లేదు. ఒక సాయంత్రం చూద్దును కదా, దొరసాని తన్ని, గిన్నెకేసి కాకుండా నాయనమ్మ నడుముకేసి మూతి చాస్తోంది. నాయనమ్మ బొడ్లో దోపుకున్న కొంగు ముడి తడిగా ఉంది. మేం గోడకేసి తిరిగినప్పుడల్లా ఆ ముడిలోంచి చెక్క అందుతోందన్నమాట.

"నాయనమ్మా!"

"నేను పెట్టలేదే. అదే లాక్కుంది."

ముడి విప్పుకుని లాక్కునే విద్య బర్రెకు ఎట్టా వచ్చిందో చెప్పమన్నాను. చాలాసేపు వాదించుకున్నాం. ఆ మర్నాడు మళ్ళీ ముడి తడిసింది, మళ్ళీ వాదించుకున్నాం. ఆ తర్వాత రోజూ అంతే. అప్పుడు గమనించాను, వాదించేటప్పుడు నాయనమ్మ ముఖం కళకళలాడిపోతోంది. మధ్యలో తన పెళ్ళినాటి సంగతులు, తాతయ్య కోపాలు, దొరసాని తల్లి, తల్లికి తల్లి, అన్నీ వచ్చేస్తున్నాయి. మిగతా రోజంతా నేను ఫోన్ పట్టుకుని మంచం మీద పడి ఉండేదాన్ని, పిన్ని పనుల్లో, బాబాయి సెంటర్లో. ఆవిడతో ఎవరమైనా గట్టిగా మాట్లాడుతున్నది ఆవిడ తప్పు చేసినప్పుడే. అది తోచగానే నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. దొరసానికి చెక్క ఎట్టాగో, నాయనమ్మకు నా కేకలు అట్టాగన్నమాట.

ఆ రోజు నుంచి కేకలు మానేశాను. ముడి తడిగా ఉంటే ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయేదాన్ని. పొడిగా ఉంటే మాత్రం ఆముదం వెచ్చబెట్టి తెచ్చి, ఆవిడ మోకాళ్ళకు రాస్తూ, "ఊఁ, తాతయ్య అలిగి ఎత్తిపోతల జలపాతం కాడికి పోతే ఏమయిందీ?" అని మొదలుపెట్టేదాన్ని. ఆవిడ చెప్పేది. నేను వినేదాన్ని, ఆ కబుర్లు నిజంగానే బాగుండేవి. కొంగు ముడి ఎండిపోయింది. నాయనమ్మ దారికి వచ్చాక దొరసాని దారికి రావడం ఎంతసేపు? గిన్నె ఎప్పుడు ముందుకొస్తుందో, ఎప్పుడు వెనక్కి పోతుందో దానికి తెలిసిపోయింది. కాలు సగం లేపి, ఆలోచించుకుని, మళ్ళీ దించేసేది. చివరికి పిన్ని పితుకుతుంటే రాతిబొమ్మలా నిలబడి నెమరు వేసుకునే స్థితికి వచ్చింది. పిన్ని నురగలు కక్కే బకెట్టు తెచ్చి వాకిట్లో పెట్టిన పొద్దున నేను ఎగిరి గంతేశాను. నాయనమ్మ దొరసానికీ నాకూ కలిపి దిష్టి తీసింది.

బాబాయి ఈ సంగతి టీ కొట్టు దగ్గర చెప్పకుండా ఉంటాడా? "మా అమ్మాయి సైకాలజీ చదివింది. తన్నే బర్రెను గొర్రెపిల్లను చేసింది" అని ఊరంతా చెప్పాడు. ఊరు దాటి రెంటచింతల దాకా చెప్పాడు. దాని ఫలితంగా ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర, "రేపు పొద్దున్నే రెంటచింతల నుంచి ఒక ఆసామి వస్తన్నాడు. ఇంత నిదానమైన పాడి బర్రె ఈ చుట్టుపక్కల లేదంట. మంచి బేరం" అన్నాడు.

నేను చేతిలో ముద్ద కంచంలో పడేశాను. "అదేంది బాబాయ్, తన్నకుండా నిలబడితే ఉంచుతానన్నావు!"

"అన్నాను. కాదన్లేదు. నిలబడ్డాక బేరం వస్తే అమ్మనని అన్నానా? అయినా కోతకి కాదుగా అమ్మా, పాలకేగా! మంచి ఇంటికే పోద్ది." మనిషి చెడ్డవాడు కాదు. నిజంగానే అది మాకందరికీ సంతోషం కలిగించే కబురని అనుకున్నాడు. ఆ పూట ఆమ్లెట్ తింటూ ఆయన అలా అంటుంటే, అది వేసిన పిన్ని చెయ్యి విరగ్గొట్టాలనిపించింది.

నాయనమ్మ ఈసారి ఏడవలేదు, అన్నం మానలేదు. సాయంత్రం ఆముదం తీసుకెళితే మోకాళ్ళు చాచింది గానీ కబుర్లు చెప్పలేదు. "మంచిగా నిలబడతంది గదంటే ఇప్పుడు?" అని మాత్రం అడిగింది. అవునన్నాను. నేనే దాన్ని మంచిదాన్ని చేసి, అమ్మకానికి తయారుచేసి పెట్టాను. తన్నే బర్రెగా ఉన్నప్పుడు దాన్ని ఎవడూ పాలకు అడిగేవాడు కాదు.

పొద్దున్నే ఆసామి వచ్చాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, భుజాన తెల్ల కండువా, మోటారు సైకిలు దిగుతుంటేనే సువాసన. బాబాయి ఆయన్ని చావిట్లోకి తీసుకొచ్చి, దగ్గరగా నిలబెట్టి, "దగ్గరికి రండి, భయం లేదు. చంటిపిల్లోడు పితికినా ఇచ్చిద్ది" అన్నాడు. పిన్ని బకెట్టు తీసుకోబోతే నాయనమ్మ అడ్డం వచ్చింది. "ఇయ్యాళ ఆఖర్న గదా, నేనే పితుకుతా" అంది. ఎవరం కాదనలేకపోయాం. అబ్బా అమ్మా అంటూ గోనెపట్టా మీద కూర్చుంది. నేను గిన్నెతో తల దగ్గర నిలబడ్డాను. ధార బకెట్లో పడుతోంది, దొరసాని కళ్ళు సగం మూసి నెమరు వేస్తోంది. ఆసామి తల ఊపాడు. బాబాయి నాకేసి కన్ను గీటాడు. నాకు ఏడుపొస్తోంది.

అప్పుడు నాయనమ్మ, ఈగను తోలినట్టు చెయ్యి అటు పోనిచ్చి, పొదుగు పక్కన చిన్నగా గిల్లింది. నేను చూశాను. ఇంకెవరూ చూడలేదు. దొరసాని కుడికాలు జానెడు లేచింది, అంతే. ఆ జానెడుకే నాయనమ్మ బొడ్లోంచి గుప్పెడు పత్తి చెక్క తీసి, ఆ మోకాళ్ళతో ఎలా లేచిందో లేచి, దాని మూతి దగ్గర పెట్టి, "అలిగావా నా బంగారూ? ఎవరే నిన్ను అన్నదీ?" అంది. ఎన్నాళ్ళకో విన్న మాట. దొరసాని నెమరు ఆపింది. నా చేతిలో గిన్నెకేసి చూసింది, నాయనమ్మ గుప్పిటకేసి చూసింది. దాని ముఖంలో ఏదో పాత సంగతి గుర్తొస్తున్నట్టు నాకు స్పష్టంగా కనబడింది. కాలు మూరెడు లేచింది. ఇంకో గుప్పెడు పడింది. "నా తల్లే! నా దొరసానే!" ఆ తర్వాత వచ్చింది అసలు తన్ను. ఇన్నాళ్ళూ ఆపుకున్నవన్నీ కలిపి వేసినట్టుంది. బకెట్టు గాల్లో ఒక తిరుగుడు తిరిగి ఆసామి పొట్టకు తగిలింది. తెల్ల బట్టలు కనక పాల మరక కనబడలేదు గానీ, ఆయన వెనక్కి పడ్డచోట పేడ ఉంది.

"ఏందయ్యా ఇది? చంటిపిల్లోడు పితికినా ఇచ్చిద్దంటివే! చంపటానికి పిలిచావా నన్ను?" అని ఆసామి అరిచాడు. మోటారు సైకిలు చప్పుడు వీధి చివరిదాకా వెళ్ళాక బాబాయి నాకేసి తిరిగి, "ఏందమ్మా టీచరమ్మా ఇది?" అన్నాడు.

నేను నాయనమ్మకేసి చూశాను. ఆవిడ దొరసాని మెడ కింద దువ్వుతూ, నాకేసి చూడకుండా, నేనేం చెబుతానా అని చెవులు మాత్రం ఇటు పెట్టింది. "పుస్తకంలో ఉంది బాబాయ్. మానేసిన అలవాటు ఒక్కోసారి ఉన్నట్టుండి తిరగబెడుతుందంట" అన్నాను. అది అక్షరాలా నిజం. నిజంగానే ఆ పాఠం ఉంది, కావాలంటే చూసుకోవచ్చు.

ఆ కబురు సాయంత్రానికి గురజాల దాటింది. ఇక దొరసానిని అడగడానికి ఎవరూ రాలేదు. బాబాయి మళ్ళీ సంత మాట ఎత్తబోతే పిన్ని అడ్డం నిలబడింది. "అది నా చేతికి బుద్ధిగా ఇస్తంది. ఇంకోసారి బేరం గీరం అన్నావంటే, అది మానేసిన తన్నుళ్ళు నేను మొదలెడతా" అంది. పిన్ని గొంతు అంత పైకి పోవడం బాబాయి వినడం అదే మొదటిసారి. ఆ మాటతో అది ఇంటి బర్రెగానే ఉండిపోయింది, మళ్ళీ నాలుగు పూటల్లో పిన్ని దగ్గర రాతిబొమ్మలా నిలబడింది కూడా.

ఆసామి వచ్చిన ఆ పొద్దునే, అందరూ వెళ్ళిపోయాక, చావిట్లో నాయనమ్మను అడిగాను. "ఎంత కష్టపడి మాన్పించాం నాయనమ్మా! ఒక్క నిమిషంలో పాడుచేశావే!"

"మంచిగా నిలబడిందని అమ్మబోతిరి" అంది, కొంగు ముడి దులుపుకుంటూ. "ఇంక దాన్ని మంచిగా ఉండమని ఏ మొహం పెట్టుకోని చెప్పేదే?"

నేను ఇప్పుడు మాచర్ల వైపు ఒక బడిలో టీచర్ని. నాయనమ్మా లేదు, దొరసానీ లేదు. క్లాసులో బెంచీలెక్కి దూకేవాణ్ణి కుదురుగా ఉంటాడని లీడర్ని చేసి, మూడో బెంచీలో నోరెత్తకుండా అన్నీ చేసుకుపోయే పిల్లను "బానే ఉందిగా" అని వదిలేస్తుంటే, హఠాత్తుగా నా గొంతు నాయనమ్మ గొంతులా వినబడి ఆగిపోతుంటాను. వెనక్కి వెళ్ళి ఆ పిల్ల పక్కన కాసేపు కూర్చుంటాను. ఏమీ తప్పు చేయకుండానే టీచరు ఎందుకు వచ్చి కూర్చుందా అని అది మొదట బిక్కచచ్చిపోయింది. ఇప్పుడు జరిగి చోటిస్తుంది. ఇక స్టాఫ్ రూములో, ఏ కొత్త పని వచ్చినా హెడ్మాస్టరు తిన్నగా నా బల్ల దగ్గరికే వస్తారు. ఇచ్చిన పనల్లా తలకిందులు చేసే మా లెక్కల మాస్టారు సాయంత్రం బెల్లు కొట్టగానే ఈల వేసుకుంటూ ఇంటికి పోతారు. "మీరైతే చక్కగా చేస్తారమ్మా" అంటారు హెడ్మాస్టరు. నేను నవ్వి తీసుకుంటాను. పాఠం చదివేస్తే ప్రపంచమంతా దారికొస్తుందనుకుని గంప బోర్లించుకుని కూర్చున్న ఆనాటి బి.ఎడ్. పిల్ల గుర్తొచ్చి వచ్చే నవ్వు అది. ఒక్కసారి నేనూ ఏదో ఒక పని తగలేసి చూస్తే ఏమవుతుందా అనిపిస్తుంది. అనిపించడమే, చెయ్యలేను. తన్నాలంటే ధైర్యం ఒక్కటే చాలదు, అలిగావా నా బంగారూ అని లేచి వచ్చే మనిషి పక్కన ఉండాలి.